"మహా" ఎవరికి? బధిరునికా, శంఖానికా?

చీపురుపల్లి:
ఒక పద్యపాదం మూడు రోజులుగా మనసులో మెదులుతోంది, పూర్తిగా అందడం లేదు. "మహా... శంఖారావముల్". మధ్యలో ఏముంది? ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెబుతాను. మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోనులో మునిగి, ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. "నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అనేశాను. వెనక వాలుకుర్చీలో మా మామగారు ఉన్నారు. కొన్నేళ్లుగా ఆయనకు వినికిడి తగ్గుతూ వచ్చింది, పోయిన నెలలోనే చెవి మిషన్ పెట్టించాం. ఇన్నేళ్లలో ఈ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో, ఆయనకు వినపడలేదు. ఈసారి వినపడింది. "పోతనగారే అన్నారు లేమ్మా" అని ఆ పాదం చదివి, లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. తెలుగు పండితులుగా పనిచేసిన మనిషి. మళ్లీ ఆయన్నే అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు. పద్యం చెప్పండి. ఆ సామెతకు బదులు ఏమనాలో కూడా చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
పోతన భాగవతం, సప్తమ స్కంధం, ప్రహ్లాదుడి మాట. "తనుహృద్భాషల సఖ్యమున్" వెంటనే వచ్చే శార్దూల పద్యం.

అంధేందూదయముల్ మహాబధిర శంఖారావముల్ మూక స
ద్గ్రంథాఖ్యాపనముల్...

మీకు అందనిది "బధిర". మహాబధిరుడంటే బొత్తిగా వినపడనివాడు. హరిభక్తి లేనివారి సంసారాలు అలా వ్యర్థమని తాత్పర్యం.

టెక్కలి:
మాస్టారూ, "మహా"ను బధిరుడికి ఎందుకు అంటగట్టడం? కొంచెం వినపడనివాడికి శంఖం వినపడుతుందని, పోతన లెక్క చూసి "మహా" వేశాడంటారా? అది శంఖారావానికి విశేషణం. ఎంత పెద్ద శంఖం ఊదినా ప్రయోజనం లేదని భావం.

బొబ్బిలి మాస్టారు:
సమాసంలో "మహా" పక్కనున్న పదాన్ని వదిలి దూరపు పదాన్ని పట్టుకోదు. మహారాజభవనం అంటే మహారాజు భవనమే, పెద్ద రాజభవనం కాదు.

టెక్కలి:
మహాకవిసమ్మేళనం అంటే మహాకవుల సమ్మేళనమా, గొప్ప కవిసమ్మేళనమా? రెండూ చెల్లుతాయి. "బధిరశంఖారావము" ముందే ఒక మాటగా కుదిరితే దాని మీద "మహా" హాయిగా కూర్చుంటుంది.

రాజాం:
మీరిద్దరూ అసలు అక్షరాన్ని వదిలేశారు. మిగిలిన మూడు పాదాల్లోనూ ప్రాసస్థానమైన రెండో అక్షరంలో ధకారం ఉంది, రెండో పాదంలో మాత్రం "గ్రంథ", అంటే థకారం. ప్రాస కోసం పోతన "గ్రంధ" అనే రాసి ఉంటాడని మా నాన్నగారు కడదాకా వాదించేవారు.

బొబ్బిలి మాస్టారు:
థకార ధకారాలకు ప్రాస చెల్లుతుంది. మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, గ్రంథాన్ని గ్రంధం చేయనక్కరలేదు. ఇప్పటికే ఊరూరా బోర్డుల మీద "గ్రంధాలయం" చూసి కళ్లు నొప్పెడుతున్నాయి.

ఆమదాలవలస:
చీపురుపల్లి చెల్లెలు అడిగిన రెండో ప్రశ్న ఎవరికీ పట్టలేదు. పద్యం చివరిదాకా చదవండి. అంధుడు, బధిరుడు, మూగవాడు, నపుంసకుడు. వాళ్ల దేహం అలా ఉంది. తరువాత "కృతఘ్నావళీ బంధుత్వంబులు", "లుబ్ధద్రవ్యముల్". కృతఘ్నుడూ లోభీ తమ గుణం వల్ల అలా ఉన్నారు. చూపులేనివాణ్ణి మేలు మరిచినవాడి పక్కన నిలబెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ముల్లులా గుచ్చుకునేది. పోతనంటే నాకు ప్రాణం, అందుకే ఇంత బాధ. అదే పద్యంలో "భస్మహవ్యములు" కూడా ఉంది, అంటే మనం అనే బూడిదలో పోసిన పన్నీరు. ఎవరినీ నొప్పించకుండా అదే అర్థం వస్తోంది. "అంధేందూదయముల్", అంటే చూపులేనివాడి ముందు వెన్నెల సంగతికి మనకు "అడవిగాచిన వెన్నెల" ఉండనే ఉంది. మాట వినని పిల్లవాడికి "దున్నపోతు మీద వాన" చాలు, చెల్లీ.

టెక్కలి:
అక్కా, పోతన పక్షాన ఒక్క మాట. కొంచెం ముందుకు వెళ్తే ఆయనే "కమలేశుఁ జూడని కన్నులు కన్నులే, తనుకుడ్య జాల రంధ్రములు గాక" అన్నాడు. అక్కడ చూపున్న కళ్లనే గోడకున్న కిటికీ కన్నాలన్నాడు.

బొబ్బిలి మాస్టారు:
బాగా పట్టుకున్నారు. ఇంకొంచెం ముందుకు వెళ్తే "కాననివాని నూతగొని కాననివాఁడు" ఉంది. అక్కడ అంధ శబ్దమూ లేదు, గుడ్డి శబ్దమూ లేదు. "కాననివాఁడు" ఎంత మెత్తని తెలుగు మాట!

నరసన్నపేట:
నాకు పుట్టుకతో వినపడదు. నేను నేర్చిన తెలుగంతా కంటితో నేర్చినదే, అందుకని ఈ చర్చ నాకు ఇష్టం. ముందు శంఖం సంగతి చెబుతాను. మా ఊరికి తప్పెటగుళ్లు వచ్చినప్పుడు, గుండె మీద కట్టుకున్న రేకును వాళ్లు వాయిస్తుంటే నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆ దెబ్బ నేల మీదుగా వచ్చి నా పక్కటెముకల్లో మోగుతుంది. కాబట్టి నా ముందు శంఖం ఊదడం వ్యర్థమని ఎవరూ తీర్మానించనక్కరలేదు. ఇక సామెత. "చెవిటి" అన్న మాట నన్ను అంతగా బాధించదు. మాట లెక్కచేయని మనిషిని తిట్టడానికి దాన్ని వాడటమే బాధిస్తుంది. చీపురుపల్లి అక్కగారి అబ్బాయికి వినపడింది, వినలేదు. నాకు వినపడదు, ఎదుటివారి పెదవులు చూస్తూ వింటాను. ఈ రెండిటికీ తెలుగులో రెండు క్రియలున్నాయి. సామెత రెండిటినీ కలిపేసింది.

ఆమదాలవలస:
తమ్ముడూ, నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయినది ఇదే.

టెక్కలి:
అయితే మాస్టారి "కాననివాఁడు" కూడా అంత మెత్తన కాదు. "వినని" అంటే వినపడనివాడూ కావచ్చు, పెడచెవిన పెట్టేవాడూ కావచ్చు. "కానని" కూడా అంతే. కనలేనివాడా? కళ్లుండీ కననివాడా?

బొబ్బిలి మాస్టారు:
పద్యంలో సందేహమే లేదు. చూపులేనివాణ్ణి ఊతగా పట్టుకుని చూపులేనివాడు నడుస్తున్నాడు. కనలేనివాడనే అర్థం.

టెక్కలి:
కర్మబద్ధులై విష్ణువును కాననివాళ్లతో పోల్చాడు కదా! వాళ్లు కనలేనివాళ్లు కారు, కననివాళ్లు. ఆ శ్లేష కోసమే "అంధ" మానేసి "కానని" వేశాడని నా నమ్మకం.

గజపతినగరం:
పద్యం పక్కన పెట్టి చట్టం కూడా చూడండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షను ఉంది. అవమానించాలనే ఉద్దేశంతో వికలాంగులను పదిమందీ చూసేచోట దూషిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, పైగా జరిమానా. ఇంతకీ మనం ఏ పదం వాడాలి? బస్సు సీటు మీద వికలాంగులని ఉంటుంది, 2015 చివర్లో దివ్యాంగులన్న మాట వచ్చింది, ప్రభుత్వ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులని ఉంది.

నరసన్నపేట:
చట్టం అవసరమే, బజారులో నన్ను ఎగతాళి చేసినవాడికి అది తెలియాలి. ఇంట్లో నోరు జారిన సామెత మీద మాత్రం నేను ఏ సెక్షనూ పెట్టను. పదం సంగతి అంటారా, నాలో దివ్యమైనది ఏమీ లేదు. "వినపడదు" అనండి, చాలు. మాట్లాడేటప్పుడు నా వైపు తిరగండి.

టెక్కలి:
చెవుడు అనగానే మా గిడుగు రామమూర్తిగారు గుర్తుకొస్తారు. 1863లో మా జిల్లా పర్వతాలపేటలో పుట్టి, సవర భాష కోసం కొండలన్నీ తిరిగి, మలేరియాకు వేసుకున్న క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. జనం నోట తెలుగు ఎలా పలుకుతుందో పండితులకు చెప్పింది ఆయనే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న దండలు వేసే సభల్లోనే ఈ శంఖం సామెత వాడటం నేను చూశాను. చాలా కోపం వచ్చింది.

బొబ్బిలి మాస్టారు:
మా విజయనగరాన్ని వదలకండి. చూపు బాగా తక్కువైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులయ్యారు. ఆయన ఫిడేలు విన్నవాళ్లకు "గుడ్డి" అనే విశేషణం తిట్టుగా నోటికి రాదు.

రాజాం:
"గుడ్డి" అన్ని చోట్లా తిట్టు కాదు. గుడ్డి దీపం, గుడ్డి వెలుతురు అన్నప్పుడు మసకని అర్థం.

ఆమదాలవలస:
దీపానికి నొప్పి తెలియదు తమ్ముడూ. "గుడ్డి నమ్మకం" అన్నప్పుడు మాత్రం ఆలోచన లేకపోవడాన్ని చూపు లేకపోవడంగా చెబుతున్నాం. అక్కడ "మూఢ" ఉండగా "గుడ్డి" ఎందుకు?

చీపురుపల్లి:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఈ చర్చంతా మామగారికి చూపించాను. నరసన్నపేట తమ్ముడి మాటలు రెండుసార్లు చదివారు. నేను అన్నది తప్పని ఆయనతో చెప్పాను. ఆయన దాని గురించి ఏమీ అనలేదు గాని, బొబ్బిలి మాస్టారిది తప్పు అన్నారు. "మహా" శంఖారావానికేనట. "చెవి మందగించిందని అందరూ నా మీద అరుస్తున్నారు. మిషన్లో అరుపు పగిలిపోతుంది, మాట మాత్రం అందదు. దగ్గరికి వచ్చి, ముఖం చూపిస్తూ నెమ్మదిగా అంటే అందుతుంది. ఆ మహా శంఖం మీరంతా ఊదుతున్నదే" అన్నారు.

టెక్కలి:
పెద్దాయనకు నా సాష్టాంగ నమస్కారం చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
నా నమస్కారం కూడా. ఆయన అనుభవాన్ని కాదనే అర్హత నాకు లేదు. సమాసం మాత్రం ఒప్పుకోదు. దాన్ని విడదీసి విగ్రహవాక్యం రాసి పంపమనండి.

చీపురుపల్లి:
రాస్తున్నారు. మూడో కాగితం నడుస్తోంది.