భూమిపై జీవం నిలవడానికి సూర్యుడి నుంచి ఉన్న దూరమే కారణమా?

ఖగోళాభిమాని:
సూర్యుడికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండటమే భూమికి దక్కిన అసలు వరమని నా అభిప్రాయం. మరీ దగ్గరైతే సముద్రాలు ఆవిరైపోయేవి, మరీ దూరమైతే గడ్డకట్టేవి. నీరు ద్రవరూపంలో లేనిచోట మనకు తెలిసిన జీవమేదీ మనలేదు కనుక, మిగిలిన కారణాలన్నీ దీని తరువాతివే.

శిలాన్వేషి:
దూరం అవసరమే గాని, అదొక్కటే చాలదండీ. చంద్రుడూ సూర్యుడికి దాదాపు అంతే దూరంలో ఉన్నాడు. అక్కడ సముద్రం లేదు. పైగా 450 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడు ఇప్పటికంటే సుమారు 30 శాతం తక్కువ కాంతిని ఇచ్చేవాడు. దూరమే సర్వస్వమైతే అప్పటి భూమి పూర్తిగా గడ్డకట్టి ఉండాలి. కానీ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే అతి పురాతన ఖనిజపు స్ఫటికాలు, సుమారు 440 కోట్ల ఏళ్ల కిందటే ఇక్కడ నీరు ఉండి ఉండవచ్చని సూచిస్తున్నాయి.

వెలుగు ఇంతగా మారినా నీరు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు, 1981లో వాకర్, హేస్, కాస్టింగ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సమాధానమే నాకు అన్నిటికంటే బలమైనదిగా తోస్తుంది. గాలిలో ఉండి భూమిని వెచ్చగా ఉంచే కార్బన్ డయాక్సైడ్ వాననీటిలో కలిసి రాళ్లను నెమ్మదిగా అరగదీసి, సముద్రానికి చేరి, సున్నపురాయిగా పేరుకుంటుంది. భూఫలకాల కదలికతో ఆ రాయి లోతుకు దిగినప్పుడు విడుదలైన వాయువు అగ్నిపర్వతాల గుండా తిరిగి గాలిలోకి వస్తుంది. వేడి పెరిగితే రాళ్లు త్వరగా అరిగి గాలిలో ఆ వాయువు తగ్గుతుంది, చలి పెరిగితే అరుగుదల మందగించి వాయువు పోగవుతుంది. లక్షల ఏళ్ల వ్యవధిలో పనిచేసే ఈ సర్దుబాటే భూమిని కాపాడింది.

జీవరేఖ:
అయస్కాంత క్షేత్రాన్ని ఇద్దరూ మరచిపోయారు. సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహం నుంచి వాతావరణాన్ని కాపాడుతున్నది అదే కదా?

శిలాన్వేషి:
దాని పాత్రపై శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. శుక్రుడికి స్వంత అయస్కాంత క్షేత్రం లేకపోయినా, అక్కడి వాతావరణ పీడనం మన దగ్గరి కంటే సుమారు 90 రెట్లు ఎక్కువ.

ఖగోళాభిమాని:
ఆ శుక్రుడినే నేనూ సాక్ష్యంగా చూపుతాను. పరిమాణంలో భూమికి ఇంచుమించు సమానమైనా ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 465 డిగ్రీలు. సూర్యుడికి దగ్గరై నీటిని కోల్పోవడం వల్లే రాళ్లను అరగదీసే వాన అక్కడ లేకుండా పోయిందని చాలామంది భావిస్తారు. మీరు చెప్పిన చక్రం తిరగాలన్నా ముందు దూరం కుదరాలి.

శిలాన్వేషి:
చక్రం మొదలవడానికి దూరం కావాలన్నది ఒప్పుకుంటాను. కానీ అంగారకుడిపై ఒకప్పుడు నదులు పారిన జాడలున్నాయి, అంటే దూరం అక్కడ అడ్డు కాలేదు. భూమి ద్రవ్యరాశిలో పదో వంతే ఉన్న ఆ గ్రహం లోలోపల త్వరగా చల్లారి, వాతావరణంలో అధిక భాగాన్ని కోల్పోయింది. నీరు దొరకడం వేరు, 400 కోట్ల ఏళ్లు దాన్ని నిలుపుకోవడం వేరు. మన చర్చ ఈ రెండోదాని గురించే సాగాలి.