తెల్ల గోడ ఒకవైపు ఆకుపచ్చ, ఇంకోవైపు పసుపు: ఎలా సరిచేయాలి?

బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక కళ్లజోళ్ల షాపు లోపల ఫొటోలు తీస్తున్నాను. తెల్ల గోడ, సిమెంటు నేల, మధ్యలో ఒక టేకు బల్ల, అంతే. ఎడమవైపు నిలువెత్తు గాజు కిటికీ, దాని బయట పెద్ద నిద్రగన్నేరు చెట్టు. కుడివైపు ఫాల్స్ సీలింగ్ అంచున దాచిన 3000కె (పసుపు ఛాయ వెలుగిచ్చే) ఎల్‌ఈడీ స్ట్రిప్.

ట్రైపాడ్ మీద 24 ఎంఎం, ఎఫ్/8, ఐఎస్ఓ 100, 1/4 సెకను, రా (RAW) ఫార్మాట్‌లో తీశాను, ఉదయం 11 గంటలకి. ఎడమ సగానికి చెట్టు ఆకుపచ్చ పట్టింది, కుడి సగం పసుపు.

గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) కిటికీ దగ్గర పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా రావడానికి చేసే రంగు సర్దుబాటు) సెట్ చేస్తే పసుపు ఇంకా ముదిరింది. లైట్లు ఆపేద్దామంటే, ఆ వెలుగే మా డిజైన్ అంటారు ఓనరు గారు. ఆయన మాటా న్యాయమే. రాత్రి తీస్తే అద్దంలో నేనూ ట్రైపాడూ స్పష్టంగా కనిపిస్తున్నాం. గోడ మీద శాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తే స్ట్రిప్ కింది వెచ్చదనం పోయి గోడ బూడిద రంగులోకి మారింది.

చివరికి లైట్లు వేసి ఒకటి, ఆపి ఒకటి తీసి, ఫొటోషాప్‌లో మాస్క్‌తో (ఒక్కో ఫొటోలో కావలసిన భాగమే కనిపించేలా చేసి) కలిపాను. సామాన్లున్న గదిలో అయితే అతుకు ఏ అల్మరా వెనకో దాక్కునేది. ఇక్కడ ఖాళీ గోడ కదా, రంగు మారే చోట మరక పడినట్టు ఉంది.

మంగళవారం ఇంకోసారి తీసుకోనిస్తామన్నారు. స్ట్రిప్ వెచ్చదనం పోకుండా గోడ మొత్తం ఒకే తెలుపులో రావాలంటే, తీసేటప్పుడే ఏం మార్చాలి?