ఊరు దాటి వెళ్తేనే బరంపురం విలువ తెలుస్తుందా?

గిరిరోడ్_అబ్బాయి
డిగ్రీ దాకా ఒడిశా బరంపురంలోనే చదివాను. తర్వాత ఉద్యోగం కోసం పుణె, బెంగళూరు, ఇప్పుడు విశాఖ. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు బయటపడతానా అని చూసేవాణ్ణి. ఎండ, ఉక్క, కాలవల వాసన, ఇవే కనిపించేవి. నాలుగు ఊళ్ళు చూశాక మా ఊరిలో ఏముందో తెలిసొచ్చింది.

పుణెలో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో తెలిసేది కాదు. మన గిరి రోడ్ మీద ఏ కొట్టుకెళ్ళినా నేను తెలుగులో అడుగుతాను, ఆయన ఒడియాలో జవాబిస్తాడు, పక్కన నిలబడ్డావిడ హిందీలో బేరమాడుతుంది, ఎవరికీ అది వింత కాదు. పొద్దున్నే ఒకే బండి దగ్గర ఇడ్లీ చట్నీ, బొరా ఘుగుని (వడ, బఠాణీ కూర) రెండూ దొరుకుతాయి. గోపాల్‌పూర్ సముద్రం 16 కిలోమీటర్లు. విశాఖలో ఆదివారం ఆర్కే బీచ్‌కి వెళ్తే బండి పెట్టుకోవడానికి చోటు వెతకడమే పెద్ద పని. మన ఊళ్ళో ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా పదిహేను నిమిషాలు.

బుఢీ ఠాకురాణి యాత్ర సంగతి చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్ళు మన తెలుగు నేతవాళ్ళు. ఒడియా ఊరి అమ్మవారికి తెలుగువాళ్ళు పుట్టింటివాళ్ళవడం ఇంకెక్కడుంది?

ఊరు దాటనివాళ్ళకు ఇది అర్థం కాదు. పోల్చుకోవడానికి వాళ్ళకు ఇంకో ఊరు తెలియదు. మీరేమంటారు?

బిజిపూర్_బాబు
నూటికి నూరుపాళ్ళు నిజం అన్నా. హైదరాబాద్‌లో నాదీ ఇదే బాధ. అప్పడాలు, ఊరగాయ ఇప్పటికీ బరంపురం నుంచే తెప్పించుకుంటున్నాం.

పాతమగ్గం
పదిహేను నిమిషాలు అన్నది నిజం కాదు. సాయంత్రం ఆరు దాటాక బొడొ బజార్ నుంచి గిరి రోడ్ మీదుగా స్టేషన్‌కి నలభై నిమిషాలు పడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంకా ఎక్కువ. నా కొట్టు ఆ దారిలోనే ఉంది, రోజూ చూస్తాను. మిగతావి తర్వాత మాట్లాడదాం, ముందు ఇది సరిచేయండి.

గిరిరోడ్_అబ్బాయి
అన్నా, ఆ టైంలో గిరి రోడ్ మీదుగా ఎవరు వెళ్తారు? లోపలి వీధుల్లోంచి బండి మీద వెళ్తే పదిహేను నిమిషాలే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా అలాగే వెళ్ళాను.

పాతమగ్గం
సంక్రాంతికి వచ్చి చూసిన లెక్క అది. లోపలి వీధుల్లో బండి వెళ్తుంది, ఆటో వెళ్ళదు. మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన్ని బండి వెనకాల కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేను, ఆటో పిలవాలి. ఆటో గిరి రోడ్ మీదే వెళ్తుంది. ఊళ్ళో ముసలివాళ్ళకు, పిల్లలకు, సరుకు మోసుకెళ్ళేవాళ్ళకు పట్టే టైం ఊరికి లెక్క. బండి మీద ఒక్కడే వెళ్ళే కుర్రాడి టైం కాదు.

రాయగడ_నాగావళి
ఆదివారం మా రాయగడ రండి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పార్వతీపురం, విజయనగరం బళ్ళే ఎక్కువ. మా రోడ్ల మీద నడిచాక బరంపురం ట్రాఫిక్ గురించి మాట్లాడుకోవచ్చు.

గిరిరోడ్_అబ్బాయి
పాతమగ్గం అన్నా, టైం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. నేను రాసింది ట్రాఫిక్ గురించి కాదు. బెంగళూరులో ఆఫీసుకి వెళ్ళడానికే రోజులో ఎంత పోయేదో చెప్తే నమ్మరు. దానితో పోలిస్తే నలభై నిమిషాలైనా తక్కువే. పోలిక తెలిసినవాడు విసుక్కోడు. నేననేది అదే.

పాతమగ్గం
అంటే నలభై అని ఒప్పుకున్నట్టేనా?

గిరిరోడ్_అబ్బాయి
ఒప్పుకోలేదు.

ఇచ్ఛాపురం_కోడలు
నేను బరంపురం గోసానినువాగాంలో పుట్టాను, ఇప్పుడు ఇచ్ఛాపురంలో ఉంటున్నాను. రైలెక్కితే అరగంట కూడా లేదు, కానీ రాష్ట్రం వేరు. ఇక్కడివాళ్ళు మంచి డాక్టరన్నా, పట్టుచీరన్నా ఇప్పటికీ బరంపురమే వెళ్తారు. అత్తగారు, ఆడపడుచులు చీరలు కొనేటప్పుడు నన్నే ముందు నడిపిస్తారు, అప్పుడు మా ఊరంటే చాలా గర్వంగా ఉంటుంది. కానీ నేను ఊరు చూద్దామని దాటలేదు. పెళ్ళి చేసి పంపారు. ఊరు దాటడమంటే ఉద్యోగమొక్కటే అనుకోకండి తమ్ముడూ.

సూరత్_లూమ్
అక్క చెప్పింది కరెక్ట్. మా ఊరు ఛత్రపూర్ పక్కన. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీదికి ఎంతమంది వస్తారో మీ అందరికీ తెలుసు. మా కోసమే 2025లో బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధనాకి అమృత్ భారత్ రైలు కూడా వేశారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో వంతులవారీగా నిద్ర. ఊరి విలువ తెలియడానికి మేం సూరత్ రాలేదు. 2020 లాక్‌డౌన్‌లో తిరిగొస్తే మా ఊరివాళ్ళే మమ్మల్ని బడిలో ఉంచి, చుట్టాలు కూడా దూరం నుంచి చూసి వెళ్ళిపోయారు. ఆ భయం వాళ్ళకి ఎందుకో నాకు తెలుసు. అయినా మర్చిపోలేను. ఊరు గొప్పదని నన్ను ఒప్పించొద్దు.

పర్లాకిమిడి_మాస్టారు
చర్చ బాగుంది. ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. మా ఊరు ఒరిస్సాలో కలిసినందుకు నిరసనగా గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పుడే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. దశాబ్దాలు పాఠం చెప్పిన ఊరది. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టించింది ఇక్కడినుంచే. ఆ వయసులో వదిలి వెళ్ళారంటే ఆయన ఎంత కష్టపడ్డారో ఊహించుకోవచ్చు. వెళ్ళినవాళ్ళకు ఊరి మీద ప్రేమ లేదనడం సరికాదు బాబూ.

పాతమగ్గం
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పంతులుగారు వెళ్ళిపోయారు. వి.వి.గిరి గారు 1894లో మన బరంపురంలో పుట్టి మద్రాసు, ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతి అయ్యారు, మా రోడ్డుకి గిరి రోడ్ అని పేరు. మంచిదే. కానీ మనం తల్చుకునేవాళ్ళందరూ వెళ్ళినవాళ్ళే. ఒడియా నేర్చుకుని, తెలుగు బడిని పట్టుకుని, మగ్గం వదలకుండా ఇక్కడే ఉండిపోయినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి. ఊరు నిలబడింది వాళ్ళ వల్ల.

మా వీధిలో నా చిన్నప్పుడు ఇంటింటా మగ్గం చప్పుడు వినిపించేది. బరంపురం పట్టుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఫోడా కుంభ అంచు అంటే దేశమంతా తెలుసు. అది నేసేవాడి కొడుకు సూరత్‌లో నైలాన్ నేస్తున్నాడు, లేకపోతే బెంగళూరులో కంప్యూటర్ ముందున్నాడు. యాత్రకి వచ్చి, పులివేషాలు ఫోనులో తీసుకుని, ఊరు గొప్పదని రాసి వెళ్ళిపోతారు. మే నెలలో రండి. నీళ్ళ ట్యాంకరు కోసం బకెట్లు వరసలో పెట్టి మా అమ్మ నిలబడే టైంకి రండి.

బిజిపూర్_బాబు
అన్నా, మరీ వేడెక్కుతున్నారు.

గిరిరోడ్_అబ్బాయి
వేడెక్కనీ బాబూ, నేనూ చెప్తాను. విశాఖలో అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. ఇంటాయన బాగానే మాట్లాడాడు, అడ్వాన్సు ఎంతో కూడా అనుకున్నాం. మాటల్లో బరంపురం అన్నాను. మీరు ఒరిస్సావాళ్ళా, మాట తేడాగా ఉందే అన్నాడు. తెలుగువాళ్ళమే అని ఇంటిపేరు, గోత్రం కూడా చెప్పాను. మర్నాడు ఫోన్ చేసి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నాడు. నెల తర్వాత అటు వెళ్తే టూలెట్ బోర్డు అలాగే ఉంది. పుట్టినప్పటినుంచి తెలుగు మాట్లాడుతున్నాను. ఆంధ్రాలో నన్ను తెలుగువాడు కాదన్నారు. ఆ రాత్రి మా ఊరు గుర్తొచ్చింది. అక్కడ నన్ను నువ్వెవరని ఎవరూ అడగరు. నేను రాసింది అందుకు. ఫోనులో తీసుకున్న పులివేషాల కోసం కాదు.

పాతమగ్గం
ఇల్లు ఇవ్వకపోవడం తప్పు, నాకూ కోపం వచ్చింది. కానీ ఇక్కడ నువ్వెవరని అడగరని ఎలా రాస్తావు? మా అబ్బాయి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే ఒడియా పాసయ్యావా అని ముందు అడుగుతారు. అడగడం న్యాయమే, రాష్ట్రం వాళ్ళది. వాడు రాత్రీపగలూ కూర్చుని నేర్చుకున్నాడు, ఇప్పుడు తెలుగు చదవలేడు. నువ్వు వెళ్ళిపోయావు కాబట్టి నిన్ను ఎవరూ అడగలేదు. అక్కడ నిన్ను కాదన్నారని మా ఊరు నీకు బాగుంటే, రేపు ఎవరో మంచి ఇల్లు ఇస్తే ఏమవుతుంది?

గిరిరోడ్_అబ్బాయి
మా ఊరు, మా ఊరు అంటున్నారు. నాది కాదా? మా తాత సమాధి అక్కడుంది. నా పిల్లలకి జన్మనక్షత్రం చూసింది అక్కడి పంతులుగారే. వెళ్ళినందుకు ఊరు లాగేసుకుంటారా?

పాతమగ్గం
ఫైలిన్ తుఫాను రాత్రి ఎక్కడున్నావు?

ఇచ్ఛాపురం_కోడలు
అన్నయ్యా, ఆ మాట వద్దు.

గిరిరోడ్_అబ్బాయి
పుణెలో ఉన్నాను. 2013 అక్టోబరు 12, టీవీలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతోందని, గాలి గంటకు 200 కిలోమీటర్లని చెప్తున్నారు. ఇంట్లో అమ్మానాన్న ఇద్దరే. ఫోన్ కలవలేదు. మీకు కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఒప్పుకుంటాను. వాళ్ళు బతికున్నారో లేదో తెలియకుండా టీవీ ముందు కూర్చోవడం ఏమిటో మీకు తెలియదు.

పాతమగ్గం
మీ ఇంటి రేకులు లేచిపోతే మర్నాడు కప్పింది వీధివాళ్ళే అయ్యుంటారు. ఎవరో ఒకరు ఉండబట్టే కప్పారు. సరే, ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

నువ్వు మొదట రాసిన వాక్యం చూడు. ఊరు దాటనివాళ్ళకు అర్థం కాదు, వాళ్ళకు ఇంకో ఊరు తెలియదు. నాకు ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. పెట్టె సర్దుకున్నాను. నాన్నగారు, పెద్దవాడివి నువ్వు కూడా వెళ్తే మగ్గాలు, కొట్టు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఎవరు చూస్తారన్నారు. ఉండిపోయాను. తమ్ముడు వెళ్ళాడు. వాడిప్పుడు ప్రతి యాత్రకీ వచ్చి నీలాగే మాట్లాడతాడు, ఇల్లు ఇలాగే ఉంచు అన్నయ్యా, మండువా మార్చొద్దు అంటాడు. వర్షం పడితే ఆ మండువాలో నీళ్ళు తోడేది నేను. నాకు ఇంకో ఊరు తెలియకపోవడం నా చేతకానితనం కాదు. దాటనివ్వలేదు. దాని మీద నువ్వు లెక్చర్ ఇస్తే ఊరుకోలేను. శీర్షిక మార్చు.

పర్లాకిమిడి_మాస్టారు
బాబూ, ఇది ముందే చెప్పి ఉంటే ట్రాఫిక్ గురించి ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు.

గిరిరోడ్_అబ్బాయి
అన్నా, మీకు జరిగింది అన్యాయం. కానీ శీర్షిక మార్చను. అది ప్రశ్న, దానికి నా జవాబు నా బతుకులోంచి వచ్చింది. మీకు వెళ్ళే దారి మూశారు. నాకు తిరిగొచ్చే దారి లేదు. బరంపురంలో నా పనికి ఉద్యోగం లేదు, భువనేశ్వర్‌లో దొరికితే జీతం సగం, అదీ 170 కిలోమీటర్లు. మా ఆవిడ ఉద్యోగం విశాఖలో. రాలేనివాడు దూరం నుంచి మెచ్చుకోవడం తప్ప ఏం చేయగలడు? మీ తమ్ముడు కూడా అంతేనేమో, ఒకసారి అడిగి చూడండి.

పాతమగ్గం
మెచ్చుకోవడం తప్ప చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఏడాదికోసారి మే నెలలో వచ్చి, నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఒకటి. మండువా రిపేరుకి డబ్బు పంపడం ఒకటి. ఇల్లు ఎలా ఉండాలో ఉండేవాళ్ళు చెప్తే వినడం ఇంకొకటి.

ఇచ్ఛాపురం_కోడలు
మీరిద్దరూ ఇంత చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. గోసానినువాగాంలో మా పుట్టిల్లు అమ్మేస్తున్నారు. అమ్మ పోయాక ఖాళీగా ఉంది. తమ్ముళ్ళు ఇద్దరూ బయటే. బిల్డరు వచ్చాడు, నా సంతకం కావాలన్నారు. నాకు వాటా డబ్బు ఇస్తామంటున్నారు, గొడవేం లేదు. సంతకం పెట్టాలా వద్దా?

గిరిరోడ్_అబ్బాయి
పెట్టొద్దు అక్కా. ఒకసారి పోతే మళ్ళీ రాదు. అద్దెకివ్వండి, తాళం వేసి ఉంచండి, ఏదైనా చేయండి. మీ పిల్లలకి చూపించడానికైనా ఉంటుంది.

పాతమగ్గం
పెట్టేయండి అమ్మా. తాళం వేసిన ఇంటిని ఎవరు చూస్తారు? గోడ పడితే పక్కింటివాళ్ళు మీకు ఫోన్ చేస్తారు, మీరు తమ్ముళ్ళకి చేస్తారు, తమ్ముళ్ళు ఊళ్ళో ఉన్న ఎవరో ఒకరికి చేస్తారు. ఆ ఎవరో ఒకరు నాలాంటివాడు. ఉండేవాళ్ళకి ఇవ్వండి, ఎవరైనా ఉండనీ.

పర్లాకిమిడి_మాస్టారు
అమ్మా, హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. మీరు కాదంటే మీ వాటా వాళ్ళు అమ్మలేరు. అది తెలిసి నిర్ణయించుకోండి, తొందరపడొద్దు.

సూరత్_లూమ్
అద్దెకిస్తే నాకు చెప్పండి అక్కా. మా ఆవిడ పిల్లల చదువు కోసం బరంపురంలో గది వెతుకుతోంది. నెలనెలా అద్దె ఆన్‌లైన్‌లో పంపుతాను.

ఇచ్ఛాపురం_కోడలు
తమ్ముడూ, ఎంతలో చూస్తున్నారో చెప్పండి. శుక్రవారం తమ్ముళ్ళు బిల్డరుతో వస్తున్నారు. సంతకం సంగతి తర్వాత, ముందు ఈ మాట వాళ్ళతో చెప్తాను.