మెకంజీల మూలపురుషుడు ఐర్లండ్ వాడా?

కొండవీటి_సూరి: మన కైఫియతులు, అదే ఊళ్ల చరిత్రలు, రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ గురించి చదువుతుంటే ఒక ముచ్చట తగిలింది. మెకంజీ వంశానికి మూలపురుషుడి పేరు కూడా కాలినేనట, కాలిన్ ఫిట్జెరాల్డ్. ఐర్లండ్ నుంచి వచ్చి 1263లో లార్గ్స్ దగ్గర నార్వే వాళ్లతో పోరాడితే, స్కాట్లండ్ రాజు మూడో అలెగ్జాండర్ 1266లో కింటెయిల్ సీమ రాసిచ్చాడు. రాజు మీదికి దూకిన దుప్పిని చంపాడు కాబట్టే వాళ్ల చిహ్నంలో దుప్పి తల. అంటే అసలు ఐర్లండ్ వాళ్లే కదా?

లలిత_ఎడిన్‌బరా: కాదండీ. ఆ 1266 పత్రం నకిలీదని ఇక్కడి చరిత్రకారులు ఎప్పుడో తేల్చారు. ఆ కథను బాగా మోసింది 17వ శతాబ్దంలో, తర్వాత క్రోమార్టీ ఎర్ల్ (ప్రభువు) అయిన జార్జ్ మెకంజీ. సొంత వంశచరిత్ర సొంతంగానే రాసుకున్నాడు. 1467 నాటి గేలిక్ రాతప్రతిలోని వంశావళి చూస్తే ఫిట్జెరాల్డ్ ఊసే లేదు. స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్ మనుషులే. మెకంజీకి గేలిక్ రూపం మాక్ కోయిన్నిచ్, అంటే కోయిన్నెచ్ కొడుకు. కోయిన్నెచ్‌నే ఇంగ్లీషులో కెనెత్ అంటారు. ఇంకో తమాషా, మెకంజీ అనే పేరులో పూర్వం 'జ' లేదు. యోఖ్ అనే పాత అక్షరం ఉండేది, 'య' లాంటి శబ్దం. అచ్చువాళ్ల దగ్గర ఆ అక్షరం లేక, చూపుకి దగ్గరగా ఉన్న జెడ్ వేసేశారు.

పెన్నాతీరం: అయితే మనం ఇన్నాళ్లూ మెకంజీ అనడం తప్పా?

లలిత_ఎడిన్‌బరా: తప్పేం లేదు, ఇప్పుడు ఇక్కడా 'జ' తోనే అంటారు. మెంజీస్ అనే ఇంటిపేరును మాత్రం ఇంకా 'మింగిస్' అనేవాళ్లున్నారు.

పెన్నాతీరం: మింగిస్! మరి దీన్ని మెకింగీ అనాలిగా. ఒక నిలకడ ఉండొద్దూ?

కొండవీటి_సూరి: పెన్నా గారూ, ఉచ్చారణ పక్కన పెట్టండి. లలిత గారూ, పత్రం నకిలీదైతే కథ కూడా అబద్ధమేనా? దుప్పి తల ఉందిగా!

లలిత_ఎడిన్‌బరా: తల ముందు, కథ తర్వాత అయ్యుండొచ్చు కదా? ఏనుగు బొమ్మున్న ప్రతి ఇంటివాళ్లూ గజపతులేనా?

గుంటూరు_గోంగూర: 😂😂

కొండవీటి_సూరి: వెటకారం వద్దు మేడమ్. మీలాంటి వాళ్లు ఊళ్లో కూడా ఉన్నారు. మా పూర్వీకులు కొండవీటి నుంచి వచ్చారని మా తాతయ్య స్వదస్తూరీతో రాసిపెట్టారు. మా చెల్లి పెళ్లిలో ఒక దగ్గర బంధువు ఆ కాగితం పట్టుకుని, అందరి ముందూ "ఈ ఇంకు నిన్న మొన్నటిది" అన్నాడు. తాతయ్య భోజనం చెయ్యకుండా లేచిపోయారు. ఆయన అబద్ధాలకోరా?

లలిత_ఎడిన్‌బరా: మీ తాతయ్యగారిని నేనేమీ అనలేదండీ. మాట్లాడుతున్నది కింటెయిల్ గురించి.

కొండవీటి_సూరి: రెండూ ఒకటే. కైఫియతుల్లో ఉన్నవి కూడా ఇలాంటి మాటలేగా? ఊరివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించుకున్నారు. అవన్నీ అవతల పారేస్తారా?

లలిత_ఎడిన్‌బరా: పారెయ్యను. "వాళ్లు ఇలా చెప్పుకున్నారు" అని చదువుతాను, "ఇలా జరిగింది" అని చదవను. మీరు మాత్రం చెప్పుకున్నదే జరిగిందంటున్నారు. పైగా మెకంజీలంతా ఒక్క రక్తం కూడా కాదు. దొర నేలలో ఉన్న రైతులు దొర పేరే పెట్టుకున్న సందర్భాలు బోలెడు. కల్నల్ గారు పుట్టిన స్టోర్నోవే ఉన్న లూయిస్ దీవి కింటెయిల్ మెకంజీల చేతికొచ్చిందే 1610లో. అక్కడి మెకంజీలందరికీ కింటెయిల్ రక్తమే అంటే ఎలా?

కొండవీటి_సూరి: రక్తం సంగతి కాదండీ నేనడిగేది. పేరు పెట్టుకుని నాలుగు వందల ఏళ్లు బతికినవాడికి ఆ కథ మీద హక్కుందా లేదా?

లలిత_ఎడిన్‌బరా: చెప్పుకునే హక్కు ఉంది. దానికి పత్రం పుట్టించే హక్కు లేదు.

కొండవీటి_సూరి: మా తాతయ్య పుట్టించలేదు.

లలిత_ఎడిన్‌బరా: సరే. ఆ కాగితం ఫొటో పెట్టండి, చూద్దాం.

పెన్నాతీరం: ఫొటో తర్వాత. మెకింగీయా, మెకంజీయా? ఎవరూ చెప్పరే?