జేసాన్ సరిగ్గా వస్తోంది, పీడీఎఫ్ మాత్రం ఖాళీగా దిగుతోంది (స్లిమ్ 4, గజిల్)

ప్రశ్న:
మా గ్రంథాలయం వెబ్‌సైటు స్లిమ్ 4 (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) మీద నడుస్తోంది. స్కాన్ చేసిన పాత పత్రికల పీడీఎఫ్‌లు వేరే సర్వరులో ఉన్నాయి. వేరే సర్వర్ల నుంచి డేటా తెచ్చే పీహెచ్‌పీ లైబ్రరీ గజిల్‌లో ‘స్ట్రీమ్’ ఆప్షన్ (అంతా ఒకేసారి కాకుండా వస్తున్న కొద్దీ చదవడం) పెట్టి తెచ్చిన బాడీనే, అంటే ఫైలు డేటానే, విత్‌బాడీతో రెస్పాన్స్‌లో పెట్టి పాఠకులకు పంపుతున్నాను. ప్రతి రెస్పాన్స్‌నూ లాగ్‌లో రాసే మిడిల్‌వేర్ (రెస్పాన్స్ బయటికి వెళ్లే దారిలో నడిచే కోడు) చేర్చినప్పటి నుంచి పీడీఎఫ్‌లు సున్నా బైట్లతో దిగుతున్నాయి. జేసాన్ (టెక్స్ట్ రూపంలో డేటా) రెస్పాన్స్‌లకు ఏ ఇబ్బందీ లేదు. మిడిల్‌వేర్‌లో బాడీ మీద గెట్‌కంటెంట్స్ (మిగిలినదంతా చదివే మెథడ్) పిలుస్తున్నాను, అంతే. కారణం ఏమిటి?

జవాబు 1:
చదివాక స్ట్రీమ్ చివరికి చేరిపోతుంది. మళ్లీ మొదటికి తిప్పే రివైండ్ పిలవండి.

ప్రశ్న అడిగినవారు:
పిలిచి చూశానండీ. పీడీఎఫ్ దగ్గర రన్‌టైమ్ ఎక్సెప్షన్ వస్తోంది.

జవాబు 2:
రావాల్సిందే. మీ జేసాన్ బాడీ పీహెచ్‌పీ టెంప్ స్ట్రీమ్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంటుంది, వెనక్కి తిప్పవచ్చు. పైగా స్లిమ్ 4 ఎమిటర్ (రెస్పాన్స్‌ను బ్రౌజరుకు పంపే భాగం) పంపే ముందు తానే రివైండ్ చేస్తుంది. అందుకే అక్కడ మీకు తేడా కనిపించలేదు. ‘స్ట్రీమ్’ పెట్టి తెచ్చిన పీడీఎఫ్ నేరుగా నెట్‌వర్క్ నుంచి వస్తోంది. ఒకసారి చదివిన బైట్లు మళ్లీ రావు. వెనక్కి తిప్పవచ్చా అని ఈజ్‌సీకబుల్ మెథడ్‌తో అడిగి చూడండి, ఫాల్స్ (కాదు) అంటుంది.

పీఎస్ఆర్-7 (పీహెచ్‌పీలో హెచ్‌టీటీపీ సందేశాల ప్రమాణం) రెస్పాన్స్ మారనిది కాబట్టి బాడీ కూడా మారదని చాలామంది అనుకుంటారు. ఆ హామీ స్ట్రీమ్‌కు వర్తించదు. ఎవరు చదివినా అందరికీ స్థానం జరిగిపోతుంది.

గజిల్‌లోని క్యాచింగ్‌స్ట్రీమ్‌తో చుడితే వెనక్కి తిప్పగలరు. చదివినదంతా టెంప్‌లో పడుతుంది, 2 ఎంబీ దాటితే డిస్కు మీదికి వెళుతుంది. కానీ గెట్‌కంటెంట్స్ ఆ ఫైలు మొత్తాన్నీ ఒకే స్ట్రింగ్‌గా మెమరీలోకి తెస్తుంది. పీహెచ్‌పీ మెమరీ లిమిట్ డిఫాల్ట్ 128 ఎంబీ. పెద్ద సంచికల స్కాన్లకు అది చాలకపోవచ్చు. లాగ్ కోసం పాఠకుణ్ని ఆపడం నాకు అసలు నచ్చదు. మొత్తం చదివే దాకా మొదటి బైటు కూడా ఆయనకు చేరదు.

లాగ్‌లో స్టేటస్ కోడ్, హెడర్లు రాయండి. బాడీ పరిమాణం చెప్పే గెట్‌సైజ్ ఫలితం కూడా రాయవచ్చు, పరిమాణం తెలియకపోతే నల్ (ఖాళీ విలువ) వస్తుంది. బైట్ల లెక్క తప్పనిసరైతే గజిల్‌లోని స్ట్రీమ్‌డెకరేటర్‌ట్రెయిట్‌తో అసలు స్ట్రీమ్‌ను చుట్టే చిన్న క్లాసు (డెకరేటర్) రాసి, రీడ్ పిలిచిన ప్రతిసారీ వచ్చిన ముక్క పొడవును కూడండి. ఎమిటర్ ముక్కలుగా పంపుతూనే ఉంటుంది, లెక్క దానంతటదే తయారవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
గెట్‌కంటెంట్స్ తీసేయగానే పీడీఎఫ్‌లు పూర్తిగా దిగుతున్నాయి. ధన్యవాదాలండీ. బైట్ల లెక్క మాకు కావాలి, డెకరేటర్ రాస్తున్నాను. మధ్యలో పాఠకుడు డౌన్‌లోడ్ ఆపేస్తే ఆ లెక్కను ఎక్కడ రాయాలి?

జవాబు 2:
రిజిస్టర్ షట్‌డౌన్ ఫంక్షన్‌లో రాయండి. పాఠకుడు వెళ్లిపోయి స్క్రిప్టు ఆగినా అది నడుస్తుంది.