వాటర్‌షెడ్ బృందంలో ఎవరి పని ఏది? పంచుకోవడం ఎలా?

ప్రశ్న (ఆరిలోవ నుంచి)

విశాఖలో ముడసర్లోవ చెరువు వైపు పారే గెడ్డల (వాగుల), వాటికి వాన నీళ్లు చేరే నేల (వాటర్‌షెడ్) బాగు కోసం చుట్టుపక్కల కాలనీల వాళ్లం ముప్పై మంది దాకా కలిశాం. ఆదివారాలు గెడ్డ శుభ్రం చేస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. వాన లెక్క రాస్తున్నాం, నీళ్ల పరీక్ష కూడా మొదలుపెట్టాం. మనుషులకి కొదవ లేదు, ఎవరి పని ఏదో తేలకపోవడమే ఇబ్బంది. ఒకే విషయం మీద ముగ్గురు వార్డు సచివాలయానికి ఫోన్ చేస్తారు. వాన కొలిచే రెయిన్ గేజ్‌ని మాత్రం వరసగా నాలుగు రోజులు ఎవరూ చూడరు. గ్లౌజుల సంచి ఎవరింట్లో ఉందో తెలీదు. అధ్యక్షుడు, కార్యదర్శి అని ఎన్నుకుంటే సరిపోతుందా? కాగితం మీద ఏం రాసుకోవాలి?

జవాబు (మధురవాడ నుంచి)

పదవులతో మొదలుపెట్టకండి. కార్యదర్శి అని పేరు పెట్టినంత మాత్రాన పొద్దున్నే రెయిన్ గేజ్ చూసేదెవరో తేలదు. ముందు పనులు రాయండి, ఆ తరవాతే మనుషుల్ని ఎంచుకోండి.

మొదటి వారం అందరూ కలిసి గెడ్డ వెంట నడవండి, కొండ వాలు నుంచి చెరువులో కలిసే చోటు దాకా. పాయలు ఎక్కడ కలుస్తున్నాయి, కల్వర్టులు ఎన్ని, ప్లాస్టిక్ ఎక్కడ చిక్కుకుంటోంది, ఇళ్ల మురుగు ఎక్కడ కలుస్తోంది, మట్టి ఎక్కడ కోసుకుపోతోంది, ఇవన్నీ ఒక మ్యాపు మీద గుర్తు పెట్టండి. మనుషుల్ని కాలనీల వారీగా కాకుండా పాయల వారీగా పంచండి. పైనున్న కాలనీలో పోసిన చెత్త కింది కాలనీ కల్వర్టులో అడ్డం పడుతుంది. కాలనీల లెక్కన విడగొడితే ఇద్దరూ అవతలి వాళ్ల పనే అంటారు. పాయ మొత్తం ఒక జట్టుదైతే ఆ మాట రాదు.

తరవాత ఒక్కో పనికి ఒక్కో కాగితం. అందులో అయిదు సంగతులు చాలు: పని ఏమిటి, ఎప్పుడు చెయ్యాలి, ఎవరు చేస్తారు, వాళ్లు లేనప్పుడు ఎవరు, చేశాక ఎవరికి చెప్పాలి. ప్రతి పనికీ బాధ్యులు ఒక్కరే ఉండాలి, వారికో సహాయకులు. ‘ఇద్దరూ కలిసి చూసుకుంటారు’ అని రాశారంటే ఆ పని ఎవరూ చెయ్యరు.

రెయిన్ గేజ్ సంగతే చూడండి. రోజూ ఉదయం 8:30కి చూడాలి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ సమయానిదే. వాన పడకపోతే సున్నా రాయాలి. ఖాళీగా వదిలేస్తే వాన లేదనా, మనిషి రాలేదనా, తరవాత ఎవరికీ తెలీదు. రెండు రోజులు తప్పిపోతే మూడో రోజు దొరికిన నీటిని మూడుగా పంచెయ్యకూడదు. ‘మూడు రోజుల మొత్తం’ అని ఉన్నదున్నట్టు రాయాలి. పక్కనున్న గోడ లేదా చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో గేజ్ ఉండాలి. పిట్టగోడ పక్కన పెడితే గాలివానలో లెక్క తక్కువొస్తుంది. గరాటులో ఆకులు తీయడం కూడా ఈ బాధ్యుల పనే. ఇంత వివరంగా రాస్తే కొత్తవాళ్లు కూడా చూసి చేసుకుపోగలరు.

జవాబు (గోపాలపట్నం నుంచి)

పై మాటకి ఒకటి కలుపుతాను. పని జరిగే చోట ‘ఆపండి’ అనే అధికారం ఒక్కరికే ఉండాలి. వాళ్లు ఆపమంటే సమన్వయకర్త అయినా సరే గెడ్డలోంచి బయటికి రావాల్సిందే. ఇది కాగితం మీద లేకపోతే అసలు సమయానికి వాదన మొదలవుతుంది.

ఈ భద్రతా బాధ్యుల కాగితంలో ఉండాల్సినవి చెబుతాను. పని మొదట్లో తలలు లెక్కపెట్టిన మనిషే చివర్లోనూ లెక్కపెట్టాలి. ఉరుము వినబడితే కొండ వాలు దిగిపోవాలి, ఆఖరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. మన దగ్గర ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే ఎగువన ఒకరిని విజిల్‌తో నిలబెట్టాలి. నీటి రంగు మారి ఎర్రమట్టి దిగుతుంటే అందరూ గట్టెక్కాలి.

మురుగు కలిసే చోట రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు లేనివాళ్లని, కాళ్లకి పుళ్లు, గాయాలు ఉన్నవాళ్లని దించకండి. ఎలుక జ్వరం ఆ నీళ్ల ద్వారానే వస్తుంది. సిరంజీలు, పగిలిన గాజు చేత్తో ముట్టకూడదు. పటకారుతో తీసి గట్టి డబ్బాలో వెయ్యాలి. మ్యాన్‌హోల్‌లోకి, మూసిన డ్రెయిన్‌లోకి ఎవరూ దిగకూడదు. ఊపిరాడక క్షణాల్లో పడిపోతారు, వాళ్లని తియ్యడానికి దిగినవాళ్లూ పడిపోతారు. పాము కరిస్తే కొయ్యడం, గట్టిగా కట్టడం వద్దు. కరిచిన సమయం రాసుకుని, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని ఆ కాగితం మీదే రాసిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడేవి చెప్పారు, మాస్టారూ. కోసుకుపోతున్న చిన్న పాయల మీద రాళ్ల అడ్డుకట్టలు వేద్దామని కొందరు ఉత్సాహంగా ఉన్నారు. అది ఎవరికి అప్పజెప్పాలి? అనుమతులు, డబ్బు సంగతి కూడా చెప్పండి.

జవాబు (పెందుర్తి నుంచి)

అడ్డుకట్టల పనిలో ముగ్గురు వేరువేరుగా ఉండాలి: చోటు ఎంచేవారు, కట్టించేవారు, వాన తరవాత చూసేవారు. కట్టినవాళ్లే తమ పని తనిఖీ చేస్తే లోపం కళ్లకి ఆనదు.

చోటు ఎంచేవారు ముందు ఆ నేల ఎవరిదో తేల్చాలి. కంబాలకొండ అభయారణ్యం హద్దు లోపలైతే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా రాయి కూడా కదపకూడదు. దేవస్థానం భూమి, ప్రైవేటు స్థలం అయినా అంతే. అనుమతి చేతికి రాకుండా తేదీ ప్రకటించవద్దు.

కట్టించేవారికి ఈ కొలతలు తెలిసుండాలి. చిన్న పాయలకే పరిమితం కావాలి, ఎత్తు మీటరు దాటకూడదు. మధ్యలో పల్లం, రెండు చివరలు ఎత్తు. అంచుల్ని గట్టు లోపలికి అర మీటరు దాకా తవ్వి దిగేయాలి. పెద్ద రాళ్లు బయటివైపు, చిన్నవి లోపల. నీళ్లు దూకి పడే చోట నేల మీద రాళ్లు పరవాలి. వరసగా కడుతుంటే కింది కట్ట తల, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. ఎక్కువగా చెడేది ఎక్కడంటే, పైభాగం సమంగా కడతారు. అప్పుడు నీళ్లు మధ్యలోంచి పోకుండా అంచు పక్కనుంచి దారి చేసుకుని గట్టునే కోసేస్తాయి, కట్ట లేనప్పటి కంటే ఎక్కువ మట్టి పోతుంది. ఇంకో సంగతి, మన కొండల్లో ఖోండలైట్ అనే రాయి శిథిలమై ఉన్నది ఎక్కువ. సుత్తితో కొడితే పొడిగా రాలే రాయి పనికిరాదు.

తనిఖీ చేసేవారు ప్రతి పెద్దవాన తరవాతా వెళ్లాలి. మే నెలలో పూడిక, సెప్టెంబరు చివర్లో రాళ్లు చూడటం తప్పనిసరి. మనకి అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. ఒకే చోట నిలబడి ఒకే దిక్కుకి ఫొటో తియ్యాలి, ఆ చోట బండ మీద రంగు గుర్తు పెట్టుకుంటే ఏడాది తరవాత పోల్చుకోవచ్చు.

జవాబు (మధురవాడ నుంచి)

అనుమతులకి, అధికారులతో మాట్లాడటానికి ఒక్కరినే పెట్టండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ప్రతి ఫైల్లో ఉంటేనే రేపు అధికారి మారినా పని ఆగదు. మిగతావాళ్లకి ఏదైనా తెలిస్తే ఈ మనిషికి చెప్పాలి గానీ నేరుగా ఫోన్లు చెయ్యకూడదు. కల్వర్టు మూసుకుని ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయంటే ఆ నియమం పట్టించుకోనక్కర్లేదు, ఎవరైనా జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) ఫోన్ చెయ్యవచ్చు.

డబ్బు తీసుకునేవారు, లెక్క రాసేవారు వేరువేరుగా ఉండాలి. నెలకోసారి లెక్క గ్రూపులో పెట్టాలి. సొంత చందాలతో నడుస్తున్నంత కాలం రిజిస్ట్రేషన్ తొందర లేదు. బయటి సంస్థల సాయం తీసుకోవాలంటే 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అప్పుడు మీరన్న అధ్యక్షుడు, కార్యదర్శి అవసరమవుతారు. అప్పటికే పనుల కాగితాలు ఉంటాయి గనక పదవుల మీద పేచీ రాదు.

నీళ్ల పరీక్ష మాట మరిచాం. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) పరీక్షలకి నమూనా తీసే సీసాని అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందజెయ్యాలి. తీసేవారు వేరు, తీసుకెళ్లేవారు వేరైతే సీసా చేతులు మారిన సమయం ఇద్దరూ రాసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఒకరికి ఎన్ని పనులు ఇవ్వవచ్చు? ఎంతకాలం?

జవాబు (గోపాలపట్నం నుంచి)

రెండుకి మించి వద్దు. భద్రత చూసేవారికి ఆ రోజు ఇంకే పనీ పెట్టకండి, పార చేతిలో ఉంటే కళ్లు ఎగువకి తిరగవు. ఆరు నెలలకోసారి మార్చండి, లెక్కలు మాత్రం ఏడాది. బాధ్యత వద్దనేవాళ్లని బలవంతపెట్టకండి, ఆదివారం వచ్చి రెండు గంటలు చెత్త తీసినా అది పనే. మారేటప్పుడు పాతవారు, కొత్తవారు కనీసం రెండు ఆదివారాలు కలిసి చెయ్యాలి. రెయిన్ గేజ్ పుస్తకం, అర్జీల ఫైలు, సామాను గది తాళం, మ్యాపు, గ్లౌజులు, బూట్ల లెక్క, గ్రూపు అడ్మిన్ హక్కు, వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. గ్లౌజుల సంచి ఎవరింట్లో ఉందో అందులోనే ఉంటుంది.