అరకు కాఫీ తోటలు చూడాలంటే ఏ నెలలో వెళ్ళాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళకు పైగా తెల్లవారుజామునే ఫిల్టరులో డికాషన్ దించుకుని తాగే మనిషి, ఇంతవరకు కాఫీ చెట్టును కళ్ళతో చూడలేదు. ఈ మధ్య ఒకరోజు గ్లాసు చేతిలో పట్టుకుని, "ఈ గింజ చెట్టు మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందిరా?" అని అడిగింది. అప్పటి నుంచి అమ్మానాన్నలను అరకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాను. చిక్కంతా నెల దగ్గరే వచ్చింది. ఆఫీసులో ఎవరిని అడిగినా డిసెంబరు అనే అంటున్నారు, కానీ వాళ్ళు చెప్పేదంతా చలి గురించి, పొగమంచు గురించే తప్ప కాఫీ గురించి కాదు. మా బావగారు దసరా సెలవుల్లో వెళ్దామంటున్నారు. మా అమ్మాయికి దసరాకు, సంక్రాంతికి, వేసవికి తప్ప బడికి సెలవులు ఉండవు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి కనుక ఎక్కువ మెట్లు ఎక్కలేరు, గట్టి చలికీ ఆగలేరు. చెట్టు మీద పండును, వీలైతే కోతను కూడా అమ్మకు చూపించాలన్నది నా కోరిక. అక్కడి సంగతులు తెలిసినవారు ఏ నెల మంచిదో, ఎందుకు మంచిదో చెప్పగలరా?

జవాబు (పాడేరు మండలంలో ఉపాధ్యాయుడు)

నేను ఇక్కడ పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా బడి వెనక గోడ దాటితే కాఫీ తోటే కనుక, క్యాలెండరు చూడకుండానే ఏ నెలలో ఉన్నామో ఆ చెట్లను బట్టి చెప్పడం అలవాటైపోయింది. కోత రోజుల్లో మా తరగతిలో హాజరు కూడా పలచబడుతుంది.

మీకు పండూ, కోతా రెండూ కావాలంటే నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు సగం వరకు ఉన్న రోజులను చూసుకోండి. ఇక్కడ పండేది ప్రధానంగా అరబికా రకం. వేసవి మొదట్లో పూసిన పువ్వు పండుగా మారడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది కాబట్టి, ఆ లెక్కన నవంబరు నుంచి జనవరి వరకు కోత నడుస్తుంది. ఒక చెట్టు మీద కాయలన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ కాయ, పసుపు తిరిగిన కాయ, ఎర్రటి పండు పక్కపక్కనే కనిపిస్తాయి. నడుముకు సంచి కట్టుకున్న ఆడవాళ్ళు కొమ్మను మెల్లగా దగ్గరకు వంచుకుని, ఎర్రబడినవాటిని మాత్రమే వేళ్ళతో తుంచి సంచిలో వేసుకుంటారు. పచ్చివాటిని వదిలేసి, రెండు మూడు వారాల తరువాత మళ్ళీ అదే చెట్టు దగ్గరకు వస్తారు. తోటవాళ్ళను అడిగి ఒక పండును మీ అమ్మగారి చేతిలో పెట్టి నొక్కమనండి. ఎర్రటి పైతొక్క చిట్లి, జిగురు పట్టిన రెండు గింజలు జారి బయటపడతాయి. ఆ జిగురు తియ్యగా ఉంటుంది, కాఫీ వాసన మాత్రం అందులో ఏ కోశానా ఉండదు. మొదటిసారి చూసేవారు ఎక్కువగా ఆశ్చర్యపోయేది అక్కడే.

పండు కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, టార్పాలిన్ల మీద ఎండబెడతారు. దానినే ఇక్కడివాళ్ళు పార్చ్‌మెంట్ అంటారు. ఎండ బాగుంటే వారం, పది రోజులలో ఆరుతుంది, అప్పుడు చేత్తో కలుపుతుంటే గలగలమని చప్పుడు చేస్తుంది. తొక్క తీయకుండా పండును అలాగే ఎండబెడితే చెర్రీ అంటారు, దానికి మరికొన్ని రోజులు ఎక్కువ పడతాయి. తోటలో కోత, ఇళ్ళ ముందు ఎండబెట్టడం ఒకే రోజున చూడగలిగేది ఈ కొద్ది వారాలలోనే.

సంక్రాంతికి వస్తే ఎత్తయిన తోటల్లో చివరి కోతలు ఇంకా దొరకవచ్చు, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ పండు ఆలస్యంగా ఎర్రబడుతుంది. కానీ అప్పటికి చలి ముదిరి ఉంటుంది, జనం కూడా విరగబడి ఉంటారు. మీ నాన్నగారి సంగతి చదివిన తరువాత సంక్రాంతికి రమ్మని నేను చెప్పలేను. గట్టి చలికి పేరుపడ్డ లంబసింగి గురించి విని అటు కూడా వెళ్దామని ఎవరైనా అంటే, అది అరకు పక్క ఊరు కాదని, పాడేరు మీదుగా చింతపల్లి వైపు చాలా దూరం వెళ్ళాలని చెప్పండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

పై ఉపాధ్యాయుడిగారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, దసరా గురించి ఒక మాట చేర్చదలచుకున్నాను. అక్టోబరు మా తీరానికి తుపానుల నెల. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ విశాఖను ఎంత దెబ్బతీసిందో అందరికీ గుర్తుంది కానీ, అదే గాలి కొండ మీద నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను కూల్చి, వాటి కింద ఉన్న కాఫీ మొక్కలను నలగగొట్టిన సంగతి చాలామందికి తెలియదు. ప్రతి ఏడాదీ అంతటి తుపాను రాకపోవచ్చు. ఒక మామూలు అల్పపీడనం చాలు, ఘాట్ రోడ్డులో కొండచరియలు జారిపడటానికీ, రైలు ఆగిపోవడానికీ. నేను ఒక దసరాకు కుటుంబంతో వెళ్ళి, మూడు రోజులు గది కిటికీలోంచి వాన చూసి తిరిగి వచ్చాను.  పైగా అప్పటికి కాఫీ కాయలు ఇంకా పచ్చగానే ఉంటాయి, అంటే మీ అమ్మగారు కోరినది కనిపించదు.

వానాకాలాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఆగస్టులో అనంతగిరి కొండల పచ్చదనం, కటికి జలపాతం హోరు మరే నెలలోనూ దొరకవు. అయితే మీ ప్రశ్న కాఫీ గురించి కనుక అది వేరే ప్రయాణానికి దాచుకోండి.

పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి వెళ్ళేటప్పుడు విశాఖ నుంచి ఉదయం బయలుదేరే కిరండూల్ రైలు ఎక్కండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించడానికి 1960ల్లో వేసిన మార్గం అది. యాభైకి పైగా సొరంగాలు ఉన్న ఆ దారిలో కూర్చుని చూస్తూ పోవడమే సగం యాత్ర. ఆ రైలులో పెద్ద అద్దాలున్న పెట్టె (విస్టాడోమ్) టిక్కెట్లు నవంబరు, డిసెంబరు నెలల్లో త్వరగా అయిపోతాయి కనుక ముందే తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడుకుంటే అనంతగిరి దగ్గర రోడ్డు పక్కనే ఉన్న తోటల్లో ఆగవచ్చు. అక్కడ మీ నాన్నగారు నాలుగడుగులు వేస్తే చాలు, కాఫీ చెట్టు, దాని పక్కనే సిల్వర్ ఓక్ మానును చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగ కనిపిస్తాయి. బొర్రా గుహల్లో మాత్రం మెట్లు చాలా ఉన్నాయి, ఆయనను బయటే నీడలో కూర్చోబెట్టడం మంచిది.

జవాబు (చింతపల్లి వైపు, కాఫీ రైతు కుటుంబం)

మాకు రెండెకరాల తోట ఉంది. అందరూ పండు గురించే చెప్పారు కానీ, తోట అందం నన్ను అడిగితే పువ్వులోనే ఉంది. చలికాలమంతా వాన లేక మొగ్గలు బిగుసుకుని ఉంటాయి. మార్చిలోనో, ఏప్రిల్‌లోనో ఒక మంచి వాన పడితే, ఎనిమిది, పది రోజులకు తోటంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఆకు మొదట్లో కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా పూసి, తెల్లవారేసరికి మల్లెలాంటి వాసన ఇంటి గుమ్మం దాకా వస్తుంది. మూడో రోజుకే పువ్వు గోధుమ రంగులోకి తిరిగి వాడిపోతుంది. వాన ఎప్పుడు పడుతుందో మాకే తెలియదు కనుక, దీనికోసం నెల రోజుల ముందు టిక్కెట్టు కొనమని ఎవరికీ చెప్పను. విశాఖలో ఉన్నవారైతే ఫోను చేసి రావచ్చు. హైదరాబాద్ నుంచి పెద్దవాళ్ళను తీసుకుని వచ్చేవారికి నవంబరే నమ్మకం. అప్పుడు అరకు లోయలో వలిసె పూలు కూడా పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి. ఆ పొలాల్లోకి దిగి ఫోటోలు తీసుకునేవారు పైరు తొక్కేస్తున్నారు, మీరు గట్టు మీదే నిలబడండి.

కోత కాలంలో వచ్చి కొత్త కాఫీ తాగుదామని మాత్రం అనుకోకండి. ఎండిన పార్చ్‌మెంట్ మిల్లుకు వెళ్ళి, పొట్టు తీయించుకుని, గ్రేడులుగా వేరయి, వేయించి పొడి కావడానికి నెలలు పడుతుంది. డిసెంబరులో అరకులో మీకు కప్పులో పోసేది చాలామటుకు నిరుటి పంటే. ఇంకొక సంగతి కూడా మీ అమ్మగారికి ముందే చెప్పండి. ఆవిడ తాగే పొడిలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిసి ఉంటే, ఇక్కడి ఉత్త కాఫీ ఆవిడకు పలచగా, కొంచెం పుల్లగా అనిపించవచ్చు. అది కాఫీ లోపం కాదు.

తోటలోకి వెళ్ళేముందు ఇంటివాళ్ళను అడగండి. ఇవి చాలావరకు ఎకరా, రెండెకరాలున్న గిరిజన కుటుంబాల తోటలు. పోడు మానుకుని కాఫీ వేసుకున్నవాళ్ళు మాలో ఎందరో ఉన్నారు, ఏడాదికి ఒకసారి చేతికి వచ్చే డబ్బు ఇదే. అడిగితే ఎవరూ కాదనరు, కూర్చోబెట్టి చూపిస్తారు. పండ్లు కోసి జేబులో వేసుకుని వెళ్ళడం మాత్రం వద్దు. 2025లో అరకు మండలంలో కొన్ని తోటల్లో కాయతొలిచే పురుగు కనిపించింది. అది కాయలోనే దాగి ఉండి, కాయతోపాటే ఒక తోట నుంచి మరో తోటకు వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దసరా మాట వదిలేశాం, బావగారికి హుద్‌హుద్ సంగతి చదివి వినిపించాను. నవంబరు చివరి వారంలో వెళ్ళి, మా అమ్మాయికి రెండు రోజులు బడి మాన్పిస్తాను. చికోరీ విషయం అమ్మకు చెబితే, "అయితే నా పొడి నేను తెచ్చుకుంటాను" అంది. ఒక్క సందేహం మిగిలింది. శని, ఆదివారాలు కలిసేలా వెళ్ళవచ్చా, లేక వారం మధ్యలో వెళ్ళాలా?

జవాబు (పాడేరు మండలంలో ఉపాధ్యాయుడు)

మంగళవారం దిగి గురువారం తిరిగి వెళ్ళేలా చూసుకోండి. శనివారం మధ్యాహ్నం నుంచి ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, మీ నాన్నగారు గంటల తరబడి కారులో కాళ్ళు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. తోటకు ఉదయం తొమ్మిది దాటాక వెళ్ళండి. అప్పటికి ఆకుల మీద మంచు ఆరి, కోతవాళ్ళు పనిలోకి దిగి ఉంటారు. నాన్నగారికి స్వెటరు, మంకీ క్యాపు రెండూ సర్దండి, నవంబరైనా రాత్రిపూట అవసరమవుతాయి.